బడికిని తరము కలదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాడు మెట్టుగూడ కూడలి నుండి తార్నాకకు నడచువానికి, మైలు దూరములోనే దేశమందలి విద్యావ్యవస్థ యంతయు కానవచ్చును. ఒక ప్రక్క 1893లో నిజాము రైల్వేవారు స్థాపించిన లాలాగూడ కర్మాగారము, దాని చుట్టును పెరిగిన కార్మికుల నివాసములు, వారి బిడ్డల కొరకు రైల్వేశాఖ పెట్టిన విద్యాలయములు. మరియొక ప్రక్క 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము. నడుమ ప్రభుత్వ పాఠశాలలు, ఎయిడెడ్ పాఠశాలలు, వీధివీధికిని ప్రైవేటు పాఠశాలలు. ప్రైవేటు బడి గోడపై ఒక ఫ్లెక్సీ. దానిపై పిల్లల బొమ్మలు, బొమ్మల క్రింద మార్కులు, అన్నిటికిని పైన నూటికి నూరు శాతమను మాట. సర్కారు బడి గోడపై సాధారణముగా ఏమియు నుండదు.

బిడ్డను వెంటబెట్టుకొని పల్లె నుండి వచ్చిన తండ్రి ఈ గోడలను చూచి ఏమనుకొనును? ఫ్లెక్సీ యున్న చోట చదువున్నదనియు, లేనిచోట లేదనియు అనుకొనును. రెండెకరముల పంటను తాకట్టు పెట్టి ఫీజు కట్టును. ఈ అనుకొనుట ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ ఉపన్యాసమునకు విషయము.

గ్రామపు లెక్కలెరిగినవారికి ఒక సంగతి తెలియును. ఎకరమునకు ఇన్ని బస్తాలు పండినవన్నంత మాత్రమున సేద్యగాని నేర్పు తేలదు. ఆ నేల మాగాణియా, మెట్టయా, దాని తరమేది, నీరు చెరువుదా, కాలువదా, ఎరువు వెల ఎవరు పెట్టిరి - ఇవన్నియు ప్రక్క గడులలో వ్రాసిన పిమ్మటనే దిగుబడి గడికి అర్థము కలుగును. మొదటి తరము మాగాణిలో ముప్పది బస్తాలు పండించినవాని కంటె, చవిటినేలలో పదునైదు పండించినవాడు గొప్ప రైతు కావచ్చును. శిస్తు నిర్ణయమునకు పూర్వులు తరము కట్టినది ఇందుకే. బడికిని తరము కలదు. లోనికి వచ్చు పిల్లలెవరు? వారిని ఎట్లు ఎంచుకొనిరి? ఒక్కొక్కరిపై ఎంత వెచ్చించిరి? నడుమ ఎందరు వెడలిపోయిరి? ఈ నాలుగు గడులు ఖాళీగా నుంచి శాతమొక్కటే చదువుట, వెనుకటి నిలువ చూపక జమ మాత్రము చదివినట్లుండును.

ద్రోణాచార్యుని గురుకులము సంగతి చూడుడు. నూటయైదుగురు కురుకుమారులు చేరిన ఆ బడిలో, చెట్టుమీది పక్షి తలను గురి చూచు పరీక్షలో నెగ్గినవాడు అర్జునుడొక్కడే. అయినను లోకము నేటికిని ద్రోణుని గొప్ప గురువనియే చెప్పుకొనుచున్నది, అర్జునుని చూపి! గుమ్మము కడనే వెనుకకు పంపబడిన ఏకలవ్యుని విద్య ఆ గురుకులపు ఏ పద్దులోను చేరలేదు; గురుదక్షిణ మాత్రము జమ యైనది.

ఇక దూరదేశపు మాట. అమెరికాలో చార్టర్ పాఠశాలలని కొన్ని కలవు. చార్టర్ అనగా సనదు. ప్రభుత్వము ఒక సంఘమునకు సనదు వ్రాసియిచ్చును: బడిని మీరు నడుపుడు, ఉపాధ్యాయులను మీరే నియమించుకొనుడు, బోధనాక్రమము మీరే ఏర్పరచుకొనుడు, పిల్లవాని తలకు ఇంతయని ఖజానా నుండి సొమ్ము వచ్చును, ఫీజు తీసికొనరాదు, గడువు నాటికి ఫలితము చూపనిచో సనదు రద్దగును. 1991లో మినెసోటా రాష్ట్రము దీనికి మొదటి శాసనము చేసెను. మరుసటి యేడు మొదటి బడి తెరవబడెను. 2005 నాటి తుపానులో మునిగిన న్యూ ఆర్లియన్స్ నగరమున, పిమ్మట దాదాపు బడులన్నియు సనదు బడులే యైనవి. సీట్ల కంటె పిల్లలు మించినచో అచ్చట పరీక్ష పెట్టరు, చీట్లు వేయుదురు.

ఆ బడులు మేలా, పాతవి మేలా యని అచ్చటివారు చాలకాలము వాదించుకొనిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన క్రెడో సంస్థవారు ఒక మంచి ఉపాయము పన్నిరి. సనదు బడిలోని ప్రతి పిల్లవానికిని, అదే జాతి, అదే కలిమి, అవే పాత మార్కులు గల జంట నొకనిని సమీపపు సర్కారు బడుల లెక్కలలో వెదకి, ఇద్దరి ఎదుగుదలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. తరము సరిచేసి దిగుబడి పోల్చుట యనగా ఇదియే. 2009లో తేలినదేమనగా - గణితమునందు సనదు బడులలో నూటికి 17 మాత్రమే మెరుగు, 37 అధ్వాన్నము, తక్కినవాటికి భేదమే లేదు. 2023లో మరల చూచునప్పటికి సరాసరిన సనదు బడుల పిల్లలు చదువుటలో ఏటికి 16 దినముల పాఠమంతయు, లెక్కలలో 6 దినముల పాఠమంతయు ముందున్నారని తేలెను. మెరుగు కలదు, కాని అది ఫ్లెక్సీలపై వ్రాయుటకు చాలునంతటిది కాదు.

ఈ సనదు పద్ధతి తెలుగునేలకు క్రొత్తదని యెవరైన అనుకొన్నచో అది పొరపాటు. నిజాము కాలమున ఉస్మానియాలో బోధన ఉర్దూలో జరుగుచుండెను. తెలుగు ఆడబిడ్డలకు తెలుగులోనే ఉన్నతపాఠశాల విద్య కావలెనని మాడపాటి హనుమంతరావు పంతులు మున్నగువారు పూని, 1928లో నారాయణగూడలో బాలికా పాఠశాలను స్థాపించిరి. సొమ్ము చందాలది. ఉర్దూ ఏలిన విశ్వవిద్యాలయపు నీడలో తెలుగు బడికి చోటు లేక, కర్వే పండితుడు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయముతో ఆ పాఠశాల సంబంధము కుదుర్చుకొనెను. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయముతో మొదలైన గ్రంథాలయోద్యమము ఏ చేతులపై నడచెనో ఈ బడియు ఆ చేతులపైననే నడచెను.

పిదప ప్రభుత్వమే ఆ త్రోవ త్రొక్కెను. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్న దినములలో, నాటి నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున మొదటి గురుకుల పాఠశాల తెరవబడెను. మరుసటి యేడు తాడికొండయు, కొడిగెనహళ్ళియు. విద్యాశాఖ తనిఖీల గొలుసు నుండి వేరుపరచి, ప్రత్యేక సొసైటీ చేతిలో పెట్టి, భోజనము, వసతి, చదువు ఒక్కచోటనే యిచ్చు ఏర్పాటిది. ఖర్చంతయు సర్కారుది. సనదు యను పేరు లేదు గాని సారమదియే. మినెసోటా శాసనమునకు ఇరువదేండ్లు ముందటిది. కేంద్రమున విద్యాశాఖ నరసింహారావు చేతికి వచ్చిన పిమ్మట దేశమంతటను వెలసిన నవోదయ విద్యాలయములకు సర్వేలే నమూనా యందురు.

అయితే ఒక భేదము కలదు; ఉపన్యాసపు మెలిక అందులోనే యున్నది. సనదు బడి చీట్లు వేసెను. సర్వేలు ప్రవేశపరీక్ష పెట్టెను. పల్లెపల్లె నుండి ఏరి తెచ్చిన గింజలను నాటి, రాష్ట్రములో మొదటి ర్యాంకు, రెండవ ర్యాంకు వచ్చినవని పత్రికలు చాటినపుడు, పొలము గొప్పదా, విత్తనము గొప్పదా యని అడిగినవారు కొద్దిమంది. రెండును గొప్పవే కావచ్చును. లెక్కలో మాత్రము విడదీసి చూపవలెను.

1984 నుండి సాంఘిక సంక్షేమశాఖ క్రింద షెడ్యూల్డు కులముల బిడ్డలకు వేరుగా గురుకులములు వచ్చినవి. 1987లో వాటికి సొసైటీ యేర్పడెను. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదల లేనిదే అవి నిలిచియుండవు. తరువాత గిరిజనులకు, వెనుకబడిన తరగతులకు, 2016 నుండి అల్పసంఖ్యాకులకు సొసైటీలు విరివిగా సాగినవి. సాంఘిక సంక్షేమ గురుకులములలో నాలుగింట మూడు సీట్లు షెడ్యూల్డు కులములవి. అల్పసంఖ్యాక గురుకులములలో నూటికి 75 అల్పసంఖ్యాకులవి, 25 ఇతరులవి. తెలంగాణ యేర్పడిన 2014లో సాంఘిక సంక్షేమ గురుకులములు 134. కొద్ది యేండ్లలో 268 అయినవి.

ఈ బడులలో చేరు బిడ్డ ఎవరో తలచుకొన్నచో శాతము మాట నోట రాదు. తల్లి కూలికి పోవును, తండ్రి వలస పోవును, ఇంట అక్షరము తెలిసినవారు లేరు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ ఇట్టి గురుకుల విద్యార్థినియే. 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకుండగనే ఎవరెస్టు శిఖరమెక్కెను. ఆమెతో ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడ ఎక్కెను. ఆ మెట్లకు మార్కుల పట్టీలో గడి లేదు. పదునాలుగేండ్లకే మెడలో తాళి పడవలసిన బాలిక, పదునేడేండ్ల వరకు బడి గోడల లోపల నిలుచుటకును ఏ పట్టీలోను గడి లేదు. గురుకులముల అసలు జమ ఇచ్చటనే యున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కాని లోకము అడుగునది శాతమే గనుక దానినే చూతము. 2024 పదవ తరగతి పరీక్షలో తెలంగాణ మొత్తమున ఉత్తీర్ణులు నూటికి 91.31. సర్వేలు వంశమునకు చెందిన గురుకుల విద్యాలయ సంస్థ బడులలో 98.71, అన్ని యాజమాన్యములకును మొదటి స్థానము. అదే యేడు నిర్మల్ జిల్లాలో 99.05, వికారాబాదులో 65.10. ఆరు బడులలో ఒక్కరును ఉత్తీర్ణులు కాలేదు. ఈ అంకెలు చూచి నిర్మల్ గురువులందరు వికారాబాదు గురువుల కంటె ఒకటిన్నర రెట్లు నేర్పరులని చెప్పువారెవరైన కలరా? జిల్లాకు జిల్లాకు ఒప్పుకొనని మాటను బడికి బడికి మాత్రము ఎట్లు ఒప్పుకొందురు?

ఈ సభలో ముఖ్యముగా చెప్పదగిన ప్రయోగమొకటి తెలుగునేల మీదనే జరిగినది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాలలో, 180 గ్రామములను తీసికొని, సర్కారు బడి పిల్లలలో ప్రైవేటు బడికి పోగోరినవారి పేర్లతో చీట్లు వేసిరి. చీటీ వచ్చినవానికి ప్రైవేటు బడి ఫీజు, పుస్తకములు ఉచితము. రానివాడు తన దారిన తాను చదువుకొనును. రాష్ట్ర ప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు ఇందులో చేయి కలిపినవి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు నాలుగేండ్లు లెక్క చూచి 2015లో ప్రకటించిరి. చీటీ కోరినవారందరు ఒకే తరమువారు. గెలుపు ఓటములు దైవాధీనము. అందుచేత ఫలితములో భేదము వచ్చినచో అది బడి వలననే రావలెను.

వచ్చినదేమి? తెలుగులో భేదము లేదు. లెక్కలలో లేదు. ఇంగ్లీషులోను లేదు! విజ్ఞాన, సాంఘిక శాస్త్రములలో లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు. సర్కారు ప్రాథమిక పాఠశాలలలో హిందీ చెప్పరు గనుక అది సహజము. మామూలుగా ప్రైవేటు బడి పిల్లల మార్కులు ఎంతో హెచ్చుగా కనబడునుగదా, అదంతయు ఏమైనది? చాలవరకు అది ఇంటి నుండి వచ్చిన వెనుకటి నిలువ; బడి సంపాదన కాదు.

ఇంతటితో సర్కారు బడివారు మీసము మెలివేయనక్కరలేదు. ఆ లెక్క రెండవ పుట కూడ చదువవలెను. ప్రైవేటు బడిలో తెలుగునకు, లెక్కలకు తక్కువ గంటలు కేటాయించియు అదే ఫలితము తెచ్చిరి. పిల్లవాని తలకు అయిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవ వంతు కంటె తక్కువ. ఆ పొదుపు ఎక్కడిదనగా, చాలభాగము ఉపాధ్యాయుని జీతములోనిది. సర్కారు గురువు జీతములో కొద్ది భాగమునకే, శిక్షణ లేకున్నను, పల్లెటి చదువుకొన్న బిడ్డ అచ్చట పాఠము చెప్పుచుండెను. ఈ పొదుపును మెచ్చవలెనో, సిగ్గుపడవలెనో ఆర్థికశాస్త్రజ్ఞులు చెప్పలేదు. రెండును చేయవలసియుండును.

ఖర్చు మాట వచ్చినది గనుక గురుకులముల పద్దు కూడ విప్పి చూతము. 2024 నవంబరు వరకు తెలంగాణ వసతిగృహములలో మూడు నుండి ఏడవ తరగతి వరకు గల పిల్లవాని భోజనమునకు నెలకు రూ. 950 ఇచ్చుచుండిరి. ముప్పది దినములకు పంచిన దినమునకు 32 రూపాయలు కూడ నిండవు. ఉదయము ఫలాహారము, మధ్యాహ్నము, రాత్రి భోజనము, పాలు, గ్రుడ్డు అన్నియు అందులోనే. ఆ యేడు కొన్ని వసతి పాఠశాలలలో ఆహారము కలుషితమై పిల్లలు ఆసుపత్రుల పాలైన పిమ్మట రేట్లు పెరిగెను. 950 అన్నది 1,330 అయినది. ఎనిమిది నుండి పదవ తరగతి వరకు 1,100 అన్నది 1,540. అనగా చిన్న పిల్లవానికి దినమునకు 44 రూపాయలు. ఏ యీడు బిడ్డకు ఎంత మాంసకృత్తు, ఎంత ఇనుము కావలెనో లెక్క కట్టు జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి తార్నాకలోనే యున్నది. వింత యేమనగా, దానికి మూలమైన పరిశోధనయు 1918లోనే మొదలైనది. ఉస్మానియాకు ఒకే యేటి తోబుట్టువు. దాని పట్టికలు ఒక చేతను, ఈ నలుబది నాలుగు రూపాయలు మరియొక చేతను పట్టుకొని అంగడికి పోయిన వార్డెను పాటు తలచుకొనుడు.

ఇంటద్దె సంగతి అంతకంటె ఘోరము. 2014 తరువాత త్వరత్వరగా తెరచిన గురుకులములలో పెక్కింటికి సొంత కట్టడములు లేవు. మూతపడిన ఇంజనీరింగు కళాశాలల వంటి కట్టడములు అద్దెకు తీసికొని నడిపిరి. బకాయిలు పేరుకొనెను. 2024 అక్టోబరులో దసరా సెలవులు ముగిసి పిల్లలు మూటలతో తిరిగివచ్చునప్పటికి కొన్నిచోట్ల యజమానులు గేటునకు తాళము వేసియుండిరి. అదే నెలలో అన్ని వర్గముల పిల్లలను ఒకే ఆవరణములో చదివించు నూతన సమీకృత గురుకులములకు శంకుస్థాపనలును జరిగినవి. కులమునకొక బడిగా విడదీసిన దానిని మరల కలుపుట మంచి తలంపే. పాత అద్దెలు తీరిన పిమ్మట ఆ తలంపు మరింత శోభించియుండును.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములను గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. 2004లో కేంద్రము ప్రవేశపెట్టిన ఈ బడులు చదువు నడుమ మానిన ఆడపిల్లలకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు మొదటి చోటు ఇచ్చును. ప్రవేశపరీక్ష లేదు. గురుకులము గుమ్మము కడ ఏరిన గింజను తీసికొనగా, కస్తూర్బా విద్యాలయము కళ్ళములో రాలిన గింజను ఏరుకొనును. అచ్చటి ఉపాధ్యాయినులు ఒప్పందముపై పనిచేయువారు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మె చేసినపుడు ఎన్నో చోట్ల వారి తరగతి గదులు గురువులు లేక నిలిచినవి. మామిడి తోటలో కూలి చేసి రెండేండ్లు బడి మానిన బాలిక అచ్చట చేరి, పదవ తరగతి బొటాబొటి మార్కులతో గట్టెక్కినచో, ఫలితముల పట్టికలో ఆమె విలువ ఒకటి. సర్వేలులో మొదటి ర్యాంకు తెచ్చిన బాలుని విలువయు ఒకటే. ఆమె నడచిన దూరమును వ్రాయు గడి ఆ పట్టికలో ఎవరును గీయలేదు.

ఇక మిగిలినది పల్లెలోని బడి. నాలుగవ తరగతి చదువుచుండగనే చురుకైన నలుగురు గురుకుల పరీక్ష వ్రాసి వెడలిపోవుదురు. చేతిలో నాలుగు రాళ్ళు ఆడువాని బిడ్డను పట్టణపు బస్సు ఎక్కించుకొని పోవును. ఉన్నవారు అటు పరీక్షలో నెగ్గని, ఇటు ఫీజు కట్టలేని పిల్లలు. సంఖ్య తగ్గినదని ఒక ఉపాధ్యాయుని మరియొక చోటికి మార్చుదురు. మిగిలినవాడు రెండు మూడు తరగతులకు ఒకేసారి పాఠము చెప్పును. ఏడాది చివర శాతము తగ్గినదని ఆయననే నిలదీయుదురు. గురుకులమునకు వచ్చిన మంచి శాతములో కొంత భాగము ఈ బడి పోగొట్టుకొన్నదే. ఒక పద్దులో జమ యైనది మరియొక పద్దులో ఖర్చుగా కనబడవలెనుగదా. ఫలితములు ప్రకటించువారు రెండు పద్దులను కలిపి ఎన్నడును తేరీజు వేయలేదు.

చేయదగిన పని గ్రామములో ఒకటి కలదు. దానికి సర్కారు ఉత్తరువు అక్కరలేదు. చరిత్రకారుడు మామిడిపూడి వేంకటరంగయ్య పేరిట వెలసిన ఎం.వి. ఫౌండేషన్ వారు 1991 మొదలుకొని రంగారెడ్డి జిల్లా పల్లెలలో దీనిని చేసి చూపిరి. ఊరిలోని బడియీడు పిల్లలందరి పేర్లు ఇల్లిల్లు తిరిగి వ్రాసిరి. బడిలో లేనివానిని పని నుండి విడిపించి, శిబిరములలో అక్షరములు పట్టించి, వాని యీడు తరగతిలో కూర్చుండబెట్టిరి. ఆ పనిని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసేసే బహుమానము వచ్చినది. వారు శాతములు అడుగలేదు, పేర్లు అడిగిరి.

గ్రంథాలయములో వార్తాపత్రికలు వ్రేలాడు గోడపై ఫలితములు అంటించు పలక యొకటి యుండును. ఇకమీదట దానిపై ఉత్తీర్ణుల సంఖ్య ప్రక్కన మరి నాలుగు గడులు గీయవచ్చును: ఐదేండ్ల క్రిందట ఐదవ తరగతిలో ఈ ఊరి పిల్లలు ఎందరుండిరి, వారిలో ఏ బడికి ఎందరు పోయిరి, పరీక్ష వ్రాసినవారు ఎందరు, వ్రాయనివారు ఎవరు. మొదటి మూడును బడి రిజిస్టరులో దొరకును. నాలుగవ గడికి మాత్రము పేర్లు చేతబట్టుకొని సాయంకాలము ఇండ్లకు పోయి అడుగవలెను. వేసవి సెలవులకు గురుకులముల నుండి పిల్లలు ఊరికి రానేవత్తురు. తమతో ఐదవ తరగతి చదివినవారి ఇండ్లు వారికి తెలియును.